బ్రేక్ పెడల్ మెత్తగా దిగుతోంది: మాస్టర్ సిలిండర్ మార్చాలా, మళ్లీ గాలి తీయాలా?

ఖమ్మం_హ్యాచ్:
ముందు డిస్కులు, వెనక డ్రమ్ములు, ఏబీఎస్ (గట్టిగా బ్రేక్ వేసినా చక్రాలు బిగుసుకుపోకుండా చూసేది) ఉన్న హ్యాచ్‌బ్యాక్. బ్రేక్ ఆయిల్ మొత్తం మార్పించాక పెడల్ స్పాంజిలా దిగుతోంది. గబగబా రెండు మూడు సార్లు తొక్కితే పైకొచ్చి గట్టిపడుతుంది, కాసేపు ఆగితే మళ్లీ అదే. చక్రాల దగ్గర తడి లేదు, డబ్బాలో లెవెల్ తగ్గలేదు. షెడ్డులో మాస్టర్ సిలిండర్ (పెడల్ తొక్కితే ఆయిల్ని చక్రాలకి నెట్టేది) పోయిందంటున్నారు.

రింగుపానా:
ఆగండి, అప్పుడే కొనొద్దు. ఇంజన్ ఆపి, తొక్కుడుకి బలం కలిపే బూస్టర్‌లో వాక్యూమ్ అయిపోయేదాకా అయిదారు సార్లు తొక్కండి. తర్వాత ఒకే బలంతో 30 సెకన్లు నొక్కి పట్టండి. పెడల్ మెల్లగా కిందికి జారిపోతుంటే లోపలి రబ్బర్లు ఆయిల్‌ని దాటనిస్తున్నాయి, అది మాస్టర్ సిలిండరే. మెత్తగా ఉన్నా ఒకచోట నిలిచిపోతే లైన్‌లో గాలి ఉంది.

లిఫ్ట్‌కింద:
ఆయిల్ మార్చాకే తేడా వచ్చిందంటున్నాడు, అది చూడరేం? గాలి తీసేటప్పుడు పెడల్‌ని నేల దాకా తొక్కుతారు. మాస్టర్ సిలిండర్ లోపలి రబ్బరు కప్పులు రోజూ తిరగని చోట బోర్‌లో తుప్పు, మురికి పేరుకుని ఉంటాయి. పాత బండిలో ఒక్కసారి అక్కడిదాకా వెళ్తే రబ్బరు అంచు కోసుకుపోతుంది. అందుకే పెడల్ కింద చెక్కముక్క పెట్టి తొక్కాలి.

రింగుపానా:
చెక్కముక్క సంగతి ఒప్పుకుంటాను. కానీ రబ్బరు కోసుకుపోతే పెడల్ జారాలి కదా. జారుతోందో లేదో చూడకుండా పార్టు ఎలా రాస్తారు?

గోదారి_గట్టు:
ఇంకోటి. హ్యాండ్ బ్రేక్ గట్టిగా లాగి పెడల్ తొక్కి చూడండి. పెడల్ పైకొస్తే వెనక షూలకి (డ్రమ్ముని లోపలినుంచి ఒత్తేవి), డ్రమ్ముకి మధ్య ఖాళీ ఎక్కువైందని. ఆ ఖాళీ తగ్గించే అడ్జస్టర్ తిప్పితే సరిపోతుంది.

కొత్తసభ్యుడు77:
డాట్ 5 రకం బ్రేక్ ఆయిల్ పోసి ఉంటారు. అది సిలికాన్, డాట్ 3, 4తో కలవదు. డాట్ 5.1 వేరు, అది కలుస్తుంది.

ఖమ్మం_హ్యాచ్:
సీసా మీద డాట్ 4 అనే ఉంది. హ్యాండ్ బ్రేక్ లాగినా తేడా లేదు. 30 సెకన్లలో జారలేదు.

లిఫ్ట్‌కింద:
గాలి తీయడం ఏ చక్రం నుంచి మొదలుపెట్టారు? కుడివైపు స్టీరింగ్ బండికి వెనక ఎడమది మొదట తీయాలి, మాస్టర్ సిలిండర్‌కి అన్నిటికన్నా దూరం అదే.

బెజవాడ_బ్రేక్స్:
ఎదురెదురు మూలలకి లైన్లు పంచిన బండ్లలో ఆ లెక్క నడవదు, ఒక వెనక చక్రం తర్వాత దాని జత ముందు చక్రం. మాన్యువల్‌లో ఏముంటే అదే.

లిఫ్ట్‌కింద:
మాన్యువల్ చూసి బండి దించేది మీరా, నేనా?

రింగుపానా:
వరస గొడవ తర్వాత. ఫ్లెక్సిబుల్ హోసులు నాలుగింటికీ గుండ్రటి దవడల క్లాంపులు వేసి తొక్కండి. అప్పుడూ మెత్తగా ఉంటే లోపం పైన, మాస్టర్ సిలిండర్‌లోనో ఏబీఎస్ యూనిట్‌లోనో ఉంది. రాయిలా ఉంటే ఒక్కో క్లాంపు వదలండి. ఏది వదిలితే మెత్తబడుతుందో ఆ చక్రమే.

లిఫ్ట్‌కింద:
పాత హోసు నొక్కితే లోపలి పొర చీలుతుంది. చీలిక కవాటంలా పనిచేసి ఆ చక్రం బ్రేక్ వదలదు. దానికెవరు పూచీ?

రింగుపానా:
పగుళ్లున్న హోసుని నొక్కొద్దు, మార్చాలి. మాస్టర్ సిలిండర్‌కి నాలుగు వేలు పెట్టించాక కూడా నా పెడల్ అలాగే ఉండిపోయింది. పరీక్ష చేసి ఉంటే ఆ డబ్బు మిగిలేది. మీ షెడ్డుల్లో అందరూ ఊహించి పార్టులు మార్చడమే!

లిఫ్ట్‌కింద:
అందరూ అనకండి. క్లాంపులు వేసి, ఒక్కోటి వదిలి చూడ్డానికి గంట పడుతుంది. ఆ గంటకి కూలి అడిగితే "ఏమీ మార్చకుండానే డబ్బులా?" అని గొడవకొస్తారు. పార్టు మారిస్తే నోరెత్తరు. రేపు బ్రేక్ ఫెయిలైతే మాత్రం నిలబడాల్సింది నేను.

రింగుపానా:
మీరు చెప్పిన దాంట్లో న్యాయముంది. పరీక్షకి వేరే రేటు బోర్డు మీద రాసి పెట్టండి, నేనైతే ఇస్తాను. చెప్పకుండా ఆ గంటని పార్టు ధరలో కలపడమే నాకు నచ్చదు.

గోదారి_గట్టు:
ఇచ్చేవాళ్లు ఎంతమందన్నా?

ఖమ్మం_హ్యాచ్:
హోసులు బాగానే ఉన్నాయి, క్లాంపులు వేశాం. నాలుగూ బిగించినప్పుడు పెడల్ రాయి. ముందు రెండూ, వెనక కుడిదీ వదిలినా గట్టిగానే ఉంది. వెనక ఎడమది వదలగానే మెత్తబడింది. ఆయిల్ తీసింది చేతి వాక్యూమ్ పంపుతో.

రింగుపానా:
వాక్యూమ్ పంపు నిపుల్ (చక్రం దగ్గర గాలి వదిలే స్క్రూ) మరల సందుల్లోంచి కూడా గాలి లాగుతుంది. గొట్టంలో బుడగలు ఆగకపోతే లోపలి గాలేదో, బయటిదేదో తెలీదు, సగంలో వదిలేస్తారు. ఇద్దరు చేయండి: ఒకరు తొక్కి పట్టాలి, రెండోవారు నిపుల్ పావు చుట్టు వదిలి, పెడల్ చెక్కని తాకగానే బిగించాలి. బిగించాకే కాలు తీయాలి. డబ్బాలో ఆయిల్ మిన్ గీత దిగనివ్వకండి, అడుగంటితే ఏబీఎస్ యూనిట్‌లోకి గాలి పోవచ్చు, అప్పుడు స్కానర్‌తో దాని పంపు తిప్పాల్సి రావచ్చు.

లిఫ్ట్‌కింద:
గాలి తీసేముందు ఆ డ్రమ్ము విప్పి, షూలని నెట్టే వీల్ సిలిండర్ రబ్బరు టోపీ అంచు లేపి చూడు తమ్ముడూ. కారిన ఆయిల్ ముందు అందులోనే నిలుస్తుంది, బయటికి తడి కనపడదు. లోపల ధారగా ఉంటే సిలిండర్లు రెండువైపులా మార్చాలి, ఆయిల్ పీల్చిన షూలూ పనికిరావు.

రింగుపానా:
షూలు రెండువైపులా, సరే. కుడి సిలిండర్ పొడిగా ఉంటే దాన్నెందుకు మార్చడం?

లిఫ్ట్‌కింద:
రెండూ ఒకే వయసువి కాబట్టి. ముందు డ్రమ్ము విప్పనివ్వండి, తడి ఉందో లేదో అతనే చెప్తాడు.