సమస్యాపూరణం: “కొలిచి పెట్టు తల్లి గొప్ప తల్లి”

నిర్వహణ: ఈ వారం ఆటవెలది నాలుగో పాదం ఇస్తున్నాను, ముందు మూడు పాదాలూ మీరు రాసి పద్యం పూర్తి చేయాలి. ఐదు సూర్యగణాలు (మూడేసి మాత్రల ముక్కలు), యతి, అంటే పాదం మొదటి అక్షరానికి నాలుగో గణం మొదటి అక్షరంతో పొత్తు, కొ–గొ. అమ్మ చెయ్యి కొలవదని మనందరి నమ్మకం. కొలిచి పెట్టిందంటే సవతితల్లి అనుకుంటాం. అలాంటిది, ఆ కొలతే గొప్ప ఎలా అయింది? అంశం రేషన్. మనకు తెలిసిన కథలు చాలానే ఉన్నాయి. బ్రిటన్‌లో 1940 జనవరి 8న వెన్న, చక్కెర, పందిమాంసాలతో మొదలైన రేషన్ 1954 జూలై 4న గాని పూర్తిగా పోలేదు. రెండో ప్రపంచయుద్ధం ముగిశాక కూడా తొమ్మిదేళ్లు సాగిందన్నమాట. ఏ చోటునైనా ఎంచుకోండి, గణాలు మాత్రం తప్పకండి.

అరసున్న: నాది లెనిన్‌గ్రాడ్ ముట్టడి, జర్మన్ సైన్యం చుట్టుముట్టిన రష్యా నగరం, 1941 చలికాలం.

రొట్టె ముక్క యొకటె రోజంత కానాఁడు
ముగ్గురుండి రింట, మూఁడు పాళ్ళు
కత్తి తోడఁ గోసి కండ్లతో తూఁచుచుఁ
గొలిచి పెట్టు తల్లి గొప్ప తల్లి.

నిర్వహణ: “కండ్లతో తూఁచుచు” దగ్గర ఆగిపోయాను. త్రాసు లేని ఇంట్లో ముగ్గురి చూపులూ ఆ కత్తి మీదే ఉంటాయి. యతులు నాలుగూ కుదిరాయి.

గురులఘువు: పద్యానికి వంక పెట్టను గాని, లెక్కకు పెడతాను. అక్కడ మనిషికో కార్డు. నవంబర్ 20 నుంచి డిసెంబర్ 25 దాకా పిల్లలకు, ఇంటిపట్టున ఉండేవాళ్లకు, ఆఫీసు ఉద్యోగులకు రోజుకు 125 గ్రాముల రొట్టె, కార్మికులకు 250. ముగ్గురుంటే మూడు ముక్కలు రావాలి, ఒకటి కాదు. పైగా ఆ రొట్టెలో పిండి ఎంతో, ఏమేం కలిపారో దేవుడికే తెలియాలి.

అరసున్న: నిజమే. కానీ మూడు కార్డుల్లో రెండు పోతే? నెల మొదట్లో కార్డు పోగొట్టుకోవడమంటే దాదాపు ప్రాణం పోగొట్టుకోవడమే. నేను రాసింది ఆ ఇంటి గురించి అనుకోండి.

గురులఘువు: అనుకుంటాను. కానీ ఆ కార్డులు పోయిన సంగతి పద్యంలో లేదు, మీ జవాబులో ఉంది. పూరణ తన కాళ్ల మీద తానే నిలబడాలి.

చీమ: నాది ఇంట్లో తల్లి కాదు, ప్రభుత్వం.

కలిమి గలుగు వారు, కటికపేదలు నొక్క
వరుసలోన నిలిచి వంతు నందఁ
బ్రభుత యనెడు తల్లి పక్షపాతము లేక
కొలిచి పెట్టు తల్లి గొప్ప తల్లి.

నిర్వహణ: రెండు పాదాల్లో మూడు “తల్లి”లు. రేషన్ కాలంలో ఇంత దుబారా ఎందుకండీ? మూడో పాదాన్ని “బ్రభుత యెల్లరకును పక్షపాతము లేక” అని మారిస్తే ఒక తల్లి ఆదా అవుతుంది, యతీ చెడదు.

గురులఘువు: “పక్షపాతము లేక” అన్నది మాత్రం నాకు మింగుడు పడలేదు. బ్రిటన్ రాజు ఆరో జార్జికీ రేషన్ పుస్తకం ఉండేది, అది సరే. కానీ డబ్బున్నవాడు హోటల్లో కూపన్ లేకుండానే భోజనం చేసేవాడు. జనం గొణిగాక, 1942లో హోటల్ భోజనం ఐదు షిల్లింగులకు మించకూడదన్నారు. ఒక్క వరుస అన్నారే, ఆ వరుసకు దొడ్డిదారి ఉండేది.

చీమ: దొడ్డిదారిని ఆటవెలదిలో ఇరికించడం నా వల్ల కాలేదు. సవరణకు ధన్యవాదాలు.

వెన్నముద్ద:

చక్కెరంత తనది చంటివానికి నిచ్చి
చప్పనైన టీయె చాలు ననుచుఁ
దనకు సున్న వేసి, తన వారికే యెల్లఁ
గొలిచి పెట్టు తల్లి గొప్ప తల్లి.

నిర్వహణ: “చప్పనైన టీ” బాగుంది. టీని పద్యంలోకి రానిచ్చినందుకు నన్ను తిట్టేవాళ్లు తిట్టుకోవచ్చు. 1940 జూలై నుంచి టీ కూడా మనిషికి వారానికి 2 ఔన్సులే, చక్కెర 8 ఔన్సులు, అంటే పావు కిలోకు కాస్త తక్కువ. ఉన్నదంతా ఇచ్చేశాక ఇంక కొలవడానికి ఏముందమ్మా? సమస్యలో ముడి “కొలిచి” దగ్గర ఉంది. మీ తల్లి కొలవలేదు, త్యాగం చేసింది.

వెన్నముద్ద: తన వంతు ఇచ్చేసింది, మిగతావాళ్ల వంతులు కొలిచింది. ఆ రోజుల్లో కొన్ని ఇళ్లలో ఒక్కొక్కరికి విడిగా వెన్న గిన్నె ఉండేదని చదివాను. ఒకే బల్ల దగ్గర కూర్చుని అన్నయ్య గిన్నెలో ఎంత మిగిలిందో తమ్ముడు తొంగిచూడటం, నా మనసులో ఉన్నది అదే.

నిర్వహణ: అయితే ఆ గిన్నెల మీద రాయండి! ఇది మంచి పద్యమే, గిన్నెల పద్యం ఇంకా మంచిదవుతుంది.

కాకువు: నేను సమస్యను ఒప్పుకోను. ప్రశ్నగా మార్చేశాను.

కొలత లేని చేయి కొండంత యమ్మది,
కరవు వచ్చి దాని కట్టివేసె;
విధియె లేక తూఁచె; వేడుకా యది? యెట్లు
కొలిచి పెట్టు తల్లి గొప్ప తల్లి?

అరసున్న: నా పద్యం వెనక్కి తీసుకోవాలనిపించింది.

గురులఘువు: “యెట్లు”ను పాదం చివర వేలాడదీసి సమస్యను ప్రశ్నలోకి తోసేశారు. పాత అవధానాల ఎత్తే గాని, ఇక్కడ పని చేసింది. కానీ వాదం దగ్గర ఆగుదాం. కొలత లేకపోతే ఏమవుతుంది? 1943 బెంగాల్ కరువులో పల్లెటూళ్లకు కొలిచి పెట్టేవాళ్లే లేరు. కలకత్తాలో చీటీల రేషన్ 1944లో మొదలయ్యేసరికి పల్లెల్లో లక్షల మంది పోయారు. ఉన్నవాడు కొన్నాడు, లేనివాడు దారి పక్కన పడిపోయాడు. అటు బ్రిటన్‌లో కొలిచి పెట్టిన కాలంలోనే తల్లులకు, పసివాళ్లకు పాలు కచ్చితంగా అందేలా చూశారు, యుద్ధం ముగిసేనాటికి శిశుమరణాలు తగ్గాయి.

కాకువు: కాదనను. నేను ప్రభుత్వం గురించి రాయలేదు. పెట్టే చేతి గురించి రాశాను. లోకం బాగుపడ్డా, ఆ చెయ్యికి తగ్గించి పెట్టడం నొప్పే. లెక్క వేరు, చెయ్యి వేరు.

నిర్వహణ: ఈ వారం నా ఓటు కాకువు గారికి. అరసున్న గారి మూడో పాదానికి విడిగా ఒక దండం.

కొత్తచేయి: నేను మొదటిసారి రాస్తున్నాను, టెన్షన్‌గా ఉంది.

కోడి కూయకుండఁ గొట్టు ముందట జేరి
బారు తీరి గంటల తరబడి
తెచ్చినట్టి దాని దినదినమున కింత
కొలిచి పెట్టు తల్లి గొప్ప తల్లి.

నిర్వహణ: రండి రండి. మూడు పాదాలు బాగున్నాయి. రెండోదాన్ని కొట్టువాడు తూచినట్టున్నాడు, ఒక మాత్ర తక్కువ. బారు, తీరి, గంట, లతర... చివరికి “బడి” మిగిలింది, రెండు లఘువులే. సూర్యగణానికి మూడు మాత్రలు కావాలి. యతి కూడా లేదు, “బా”కు “ల” కుదరదు.

గురులఘువు: ఇంకో మాట. బ్రిటన్‌లో రేషన్ సరుకుకి ఒక కొట్టులో పేరు రాయించుకుంటే వంతు ఖాయం. పెద్ద క్యూలు ఎక్కువగా రేషన్ లేని చేపలకు, నారింజలకు. మీ పద్యం లెనిన్‌గ్రాడ్‌కైతే అతుకుతుంది, అక్కడ కార్డు చేతిలో ఉన్నా చీకట్లో బారులే.

కొత్తచేయి: లెనిన్‌గ్రాడే అనుకోండి. ఇలా మార్చాను:

బారు తీరి నిలిచి పాద మరుగఁ
దెచ్చినట్టి దాని దినదినమున కింత

బ–ప యతి చెల్లుతుందా?

నిర్వహణ: చెల్లుతుంది. తూకం సరిపోయింది.