లాడన్‌కి ఎన్ని తలలు? చెట్టుకి చుట్టే పాము తయారీ (విశాఖ, కాలేజీ నాటకం)

సాగర్‌నగర్_సెట్లు:
వచ్చే నెల ఎంవీపీ కాలనీలో, ఆరుబయట స్టేజీ మీద గ్రీకు వీరుడు హెరక్లీస్ బంగారు యాపిళ్ల ఘట్టం. చెట్టు రెడీ. ఎత్తు 8 అడుగులు, మాను అడుగు మందం. దానికి చుట్టుకుని కాపలా కాసే లాడన్ కావాలి. పిల్లలేమో వంద తలలు, రెక్కలు, నోట్లో మంటలు అంటున్నారు. అసలు కథలో ఎలా ఉంది? ఏ సరుకుతో చేస్తే నిలబడుతుంది?

పాతకుండలు:
రెక్కలు, మంటలు ముందు తీసేయండి. గ్రీకులో ద్రాకోన్ అంటే పెద్ద పామే. మన లంకెబిందెల మీద పాము ఉంటుందే, అదే ఉద్యోగం.

తలల సంగతికొస్తే, పాతకాలపు గ్రీకు కవి హెసియడ్ దగ్గర లెక్క లేదు, పేరూ లేదు. ఫోర్కిస్, కీటో అనే సముద్ర దేవతల కడగొట్టు సంతానం, అంతే. వంద తలలూ, రకరకాల గొంతులూ అపొలొడోరస్ పేరుతో ఉన్న, తర్వాతి కాలపు పురాణ కథల గ్రంథంలోవి. అక్కడ అమ్మానాన్నలు కూడా మారి ఎకిడ్నా, టైఫన్ అనే రాక్షసులయ్యారు. బ్రిటిష్ మ్యూజియంలో మీడియాస్ చిత్రకారుడి పాత గ్రీకు నీళ్లకుండ మీద మాత్రం చెట్టుకి చుట్టుకున్నది ఒంటితల పామే. నన్నడిగితే ఒక్క తల చాలు. తెర వెనక అయిదారుగురు పిల్లలు ఒకేసారి పలికితే వంద గొంతులూ వచ్చేస్తాయి.

ఇంకోటి, కథ రెండు రకాలుగా ఉంది. యాపిళ్లు తెచ్చేది ఆకాశం మోసే అట్లాస్ అయితే పాము చావక్కర్లేదు, హెరక్లీసే తెస్తే దాన్ని చంపుతాడు. ముందు స్క్రిప్టులో అది తేల్చుకోండి.

గుడ్డ_కాగితం:
కొలతలు ఇవి. పాము మందం 6 అంగుళాలు అనుకుంటే ఒక్కో చుట్టుకి దాదాపు 4.7 అడుగులు పడుతుంది. మూడు చుట్లకి 14, తలా మెడా 3, తోక 3. మొత్తం 20 అడుగులు. 44 అంగుళాల పన్నా గుడ్డ మూడున్నర గజాలు తీసుకుని నిలువునా రెండుగా చింపి, కొసలు కలిపి కుట్టండి. 21 అడుగులు వస్తుంది.

దూది వద్దు. సముద్రపు గాలికి చెమ్మ పీల్చి బరువెక్కి కిందికి జారిపోతుంది. పరుపుల కొట్లో స్పాంజి ముక్కలు అడగండి. ముప్పావు వంతే నింపాలి, దట్టిస్తే పాము వంగదు. లోపల పొడవునా నైలాన్ తాడు వేసి, అడుగుకో చోట గుడ్డకి కుట్టి, పై కొస కొమ్మకి కట్టేయండి. లేకపోతే బరువంతా కుట్ల మీద పడి చినుగుతుంది.

తలకి మట్టి అచ్చు చేసి నూనె రాయండి. మొదటి పొర ఉత్త తడి కాగితం, ఆపైన ఆరు పొరలు మైదా జిగురుతో. జిగురులో చిటికెడు మైలుతుత్తం వేస్తే పురుగు పట్టదు (చేతికి తొడుగు తప్పనిసరి). రోజుకి రెండు పొరలు, ఫ్యాను కింద. లోపల తడి ఉండగా రంగేస్తే బూజు పట్టి పెచ్చులూడుతుంది.

పొలుసులకి ఉల్లిపాయల వల సంచి బిగించి పైనుంచి స్ప్రే కొట్టండి. కళ్లకి పెద్ద గోళీలు, వెనక చాక్లెట్ రేకు. రెప్పలు మాత్రం పెట్టకండి. పాముకి రెప్పలుండవు, నిద్రపోని కాపలా అన్న సంగతి జనానికి అక్కడే తెలుస్తుంది.

సాగర్‌నగర్_సెట్లు:
1963 నాటి 'జేసన్ అండ్ ద ఆర్గొనాట్స్' సినిమాలో కాపలా పాముకి ఏడు తలలున్నాయి కదండీ?

పాతకుండలు:
అది వేరే కాపలా, జేసన్ వెతుక్కుంటూ వెళ్లే బంగారు ఉన్నిది. ఆ పాముకి కథలో ఒకటే తల. మంత్రగత్తె మెడియా మందు చిలకరించి నిద్రపుచ్చుతుంది. సినిమాలో బొమ్మలు ఆడించిన హ్యారీహౌసెన్ అక్కడ లెర్నా హైడ్రాని (హెరక్లీస్ చంపిన పలుతలల పాముని) తెచ్చి పెట్టాడు. 2007 నాటి 'ద టైటన్స్ కర్స్' నవలలో మాత్రం లాడనే, వంద తలలతో, కాలిఫోర్నియా కొండ మీద.

మీ లాడన్‌ని చంపేట్టయితే గ్రీకు కవి అపొలోనియస్ చెప్పిన చావు చూపించండి. ఒళ్లంతా కదలిక లేదు, తోక కొస ఒక్కటే ఇంకా కొట్టుకుంటోంది. హెరక్లీస్‌వి హైడ్రా విషం పూసిన బాణాలు కాబట్టి పుండ్ల మీద వాలిన ఈగలు కూడా చస్తున్నాయి.

గుడ్డ_కాగితం:
తోక కొస కుట్టకముందే చేపల గాలం నైలాన్ దారం ముడేసి, మాను అడుగున ఇనుప కొక్కెంలోంచి పక్క తెర దాకా లాగండి. తోక చివరి అడుగులో స్పాంజి అసలు వేయకండి, బరువుంటే ఆ వణుకు రాదు.