గ్రెట్జ్‌కీ కోచ్‌గా ఓడిపోయాడా, లేక జట్టే అంతంతమాత్రమా?

ఎడ్మంటన్ వాసి:
కెనడాలో మా ఎడ్మంటన్ ఊరివాళ్లకు ఐస్ హాకీ ఆటగాడు వేన్ గ్రెట్జ్‌కీ అంటే ప్రాణం. 1984, 85, 87, 88లలో మా ఆయిలర్స్ జట్టుకు లీగ్ ఛాంపియన్లకిచ్చే స్టాన్లీ కప్ అందించిన కెప్టెన్ మరి. ఉత్తర అమెరికా ఐస్ హాకీ లీగ్ ఎన్‌హెచ్‌ఎల్‌లో 894 గోల్స్, 1963 అసిస్ట్‌లు (అంటే తోటివాడి గోల్‌కు పాస్ అందించడం). గోల్‌కైనా అసిస్ట్‌కైనా ఆటగాడికి ఒక్కో పాయింట్. గోల్స్ అన్నీ తీసేసినా, ఆ అసిస్ట్‌ల దగ్గరికి మరే ఆటగాడి మొత్తం పాయింట్లూ రావు. అలాంటి మనిషి 2005లో ఫీనిక్స్ కొయోటీస్‌కు కోచ్ అయ్యి, నాలుగు సీజన్లలో ఒక్కసారి కూడా ప్లేఆఫ్స్‌కు, అంటే కప్ కోసం ఆడే నాకౌట్ దశకు, తీసుకెళ్లలేకపోయాడు. 143 గెలుపులు, 161 ఓటములు, మరో 24 మ్యాచ్‌లు ఓవర్‌టైమ్‌లోనో షూటౌట్‌లోనో పోయాయి. ఆయన్ని ఎంత ఇష్టపడినా, తప్పు కోచింగ్‌లోనే ఉందని నా అభిప్రాయం.

కొయోటీస్ అభిమాని:
ఇది అన్యాయమండీ. ఆ జట్టు దగ్గర డబ్బు లేదు, సగంమంది కుర్రాళ్లు. చివరికి 2009 మేలో దివాలా కోర్టుకు చేరింది. అక్కడ ఎవరున్నా ఏం చేయగలరు?

ఎడ్మంటన్ వాసి:
దివాలా సంగతి బయటపడేసరికి ఆయన నాలుగో సీజన్ అయిపోయింది. అసలు టెన్షన్ పడింది తర్వాత వచ్చిన డేవ్ టిప్పెట్. 2009 సెప్టెంబరులో గ్రెట్జ్‌కీ తప్పుకున్నాక, సీజన్ మొదలయ్యే ముందు హడావుడిగా వచ్చాడు. జట్టుకు యజమాని ఎవరో కూడా తేలలేదు. అయినా దాదాపు అదే జట్టుతో 50 మ్యాచ్‌లు గెలిచి, లీగ్ పట్టికలో 107 పాయింట్లతో ప్లేఆఫ్స్‌కు తీసుకెళ్లాడు. ముందు ఏడాది వచ్చినవి 79. ఆ సీజన్‌కు ఉత్తమ కోచ్ అవార్డు కూడా ఆయనదే.

బ్యాడ్మింటన్ నాన్న:
అంటే గొప్ప ఆటగాడు కోచింగ్‌కు పనికిరాడనా? మన గోపీచంద్ గారు 2001లో ఆల్ ఇంగ్లండ్ గెలిచినవారే కదా. 2012లో సైనా, 2016లో సింధు గెలిచిన ఒలింపిక్ పతకాల వెనక ఉన్నది ఆయనే.

ఎడ్మంటన్ వాసి:
పనికిరాడని నేను అనలేదండీ. నేర్చుకోకుండా నేరుగా పెద్ద కుర్చీలో కూర్చోవడం గురించి నా బాధ. టిప్పెట్ ఆటగాడిగా స్టార్ కాదు, ప్రత్యర్థిని అడ్డుకోవడమే ఆయన పని. కోచింగ్ కూడా కింది లీగ్‌లో మొదలుపెట్టి, లాస్ ఏంజెలెస్‌లో అసిస్టెంట్‌గా చేసి పైకి వచ్చాడు. గ్రెట్జ్‌కీ అంతకుముందు ఎక్కడా అసిస్టెంట్‌గా చేయలేదు. పక్ (ఐస్ హాకీలో బంతికి బదులు వాడే బిళ్ల) ఎటు వెళ్తుందో ఆయనకు ముందే తెలిసిపోయేది. అది బోర్డు మీద గీసి ఇంకొకరికి నేర్పడం వేరే విద్య.

కొయోటీస్ అభిమాని:
ఈ మాట ఒప్పుకుంటాను. 2006లో కరోలినా జట్టుకు స్టాన్లీ కప్ తెచ్చిన కెప్టెన్ రాడ్ బ్రిండమోర్ కూడా అదే జట్టులో ఏడేళ్లు అసిస్టెంట్‌గా ఉన్నాకే 2018లో హెడ్ కోచ్ అయ్యాడు, బాగా నిలబడ్డాడు. కానీ గ్రెట్జ్‌కీ అప్పటికే ఆ జట్టులో వాటాదారు. నువ్వు ముందు అసిస్టెంట్‌గా చెయ్యి అని ఆయనకు ఎవరు చెప్పగలరు? అందుకే తప్పంతా ఆయన ఒక్కడి మీద వేయడానికి నాకు ఇప్పటికీ మనసు రావట్లేదు.