ఏరియేటర్ బోల్టులు పదేపదే వదులైపోతా ఉండాయి, ఎట్ట ఆపాలి?

కట్టమీద_కాపలా (విడవలూరు మండలం)

అన్నలకు నమస్కారం. ఒకటిన్నర ఎకరా వనామీ రొయ్యల గుంటలో 2 హెచ్‌పీ, నాలుగు చక్రాల ఏరియేటర్లు (నీళ్ళను చిమ్మి గాలి కలిపే యంత్రాలు) ఆరు ఉండాయి. గేర్‌బాక్స్‌ను ఫ్రేముకు పట్టే బోల్టులు (17 పానావి) పది పదిహేను రోజులకే వదులవుతా ఉండాయి. షాఫ్టులను కలిపే కప్లింగ్ బోల్టులు వదులు కావు, తెగిపోతా ఉండాయి. స్ప్రింగ్ వాషర్లు అన్నిటికీ వేసే ఉండాయి. జీఐ బోల్టులు తీసేసి స్టీలువి (స్టెయిన్‌లెస్) వేస్తే రెండు నట్లు సగంలోనే పట్టేసినాయి, అటూ రావు ఇటూ పోవు. లాకింగ్ లిక్విడ్ (మర వదులు కాకుండా వేసే మందు) వాడాలా? వాడితే ఏది? ఎంత బిగించాలి?

లేత్‌పని_కావలి

ముందు స్ప్రింగ్ వాషర్ మీద నమ్మకం వదిలెయ్యండి. బోల్టు సరిగ్గా బిగిస్తే ఆ వాషర్ పూర్తిగా చదునైపోతుంది, ఆ తర్వాత అది మామూలు వాషరే.

బోల్టు వదులయ్యేది మోటారు అదురుడుకు అనుకుంటాం గానీ, అసలు కారణం పక్కకు జరగడం. చక్రం నిమిషానికి ఓ 100 తిరుగుళ్ళు, చక్రానికి ఎనిమిది రెక్కలు. అంటే నిమిషానికి 800 సార్లు రెక్క నీళ్ళను కొడుతుంది. రాత్రి పన్నెండు గంటలు తిప్పితే ఒక్కో చక్రానికి 5,76,000 దెబ్బలు. దెబ్బ దెబ్బకూ గేర్‌బాక్స్ పాదం ఫ్రేము మీద వెంట్రుకవాసి జరిగినా చాలు, నట్టు తనంతట తనే వెనక్కి తిరుగుతుంది. పాదాన్ని జరగనీయనంత గట్టిగా బోల్టు పట్టి ఉంచితే ఈ గొడవే ఉండదు.

ఆ పట్టు పోయేది ఎక్కడంటే, పాదం కింద రంగు. మందంగా రంగేసిన ఫ్రేము మీద బిగిస్తే వారంలో ఆ రంగు నలిగి పట్టు సగానికి పడిపోతుంది. పాదం ఆనే చోట రంగు గీకేసి, పలచగా జింక్ ప్రైమర్ ఒక్క పూత చాలు. బోల్టు రంధ్రం కోలగా అరిగుంటే మందపాటి వాషర్ వెయ్యండి, పలచటిది లోపలికి వంగిపోతుంది.

ప్లాస్టిక్ తెప్పకు పట్టే బోల్టుల సంగతి వేరే. ఎంత బిగించినా ప్లాస్టిక్ మెల్లగా సాగి తగ్గుతానే ఉంటుంది. అక్కడ బలం పెట్టినకొద్దీ తెప్ప చెవి పగులుతుంది. కింద వెడల్పాటి స్టీలు పట్టీ, పైన నైలాక్ నట్టు (లోపల నైలాన్ రింగు ఉండేది), అంతే.

పానా_పదిహేడు

పై అన్న చెప్పింది సరే, పట్టేసిన నట్ల గురించి నేను చెప్తా. స్టీలు మీద స్టీలు పొడిగా, జోరుగా తిప్పితే మరలు ఒకదానికొకటి అతుక్కుపోతాయి. నైలాక్ అయితే మరీ తొందరగా, అందులోనూ బ్యాటరీ గన్‌తో బిగిస్తే చెప్పనక్కర్లేదు. మరకు యాంటీ సీజ్ పేస్టు రాసి, చేతి పానాతో నెమ్మదిగా తిప్పండి. మధ్యలో బరువెక్కి వేడి తగిలితే ఆపి, చల్లారనిచ్చి, వెనక్కి తిప్పి మళ్ళీ మొదలెట్టండి. ఇప్పటికే పట్టేసినవాటితో కుస్తీ పట్టొద్దు, కోసేసి కొత్తవి వేసుకోండి.

బోల్టు తల మీద ఏ2-70 అని ఉంటే 304 స్టీలు, ఏ4-70 అని ఉంటే 316. ఉప్పునీటి గుంటకు 316 మేలు. 304లో గుంతలు పడేది మనకు కనపడని చోట, వాషర్ కింద.

ఎంత బిగించాలంటే, పేస్టు రాసిన స్టీలు బోల్టుకు: ఎం8 (13 పానా) సుమారు 15 న్యూటన్ మీటర్లు, ఎం10 (17 పానా) సుమారు 30. టార్క్ రెంచ్ లేకపోతే చేపలు తూచే స్ప్రింగ్ కాటా తీసుకోండి. బోల్టు మధ్య నుంచి 25 సెంటీమీటర్ల దగ్గర పానాకు కొక్కెం తగిలించి, పానాకు లంబంగా 6 కిలోలు చూపేదాకా లాగితే 15. ఎం10కి పైపు తొడిగి 50 సెంటీమీటర్ల దగ్గర అదే 6 కిలోలు. నైలాక్‌కు మాత్రం నైలాన్ రింగు బిగుతు విడిగా ఉంటుంది. నట్టు ఆనకముందే కాటా ఎంత చూపుతుందో అది కలుపుకోండి. వేళ్ళతో చివరిదాకా తిరిగే పాత నైలాక్ చెత్తబుట్టకే. బిగించినాక నట్టు బయటకు రెండు మరలు కనపడాలి.

కట్టమీద_కాపలా

థాంక్స్ అన్నా. ఒక చిక్కుంది. గేర్‌బాక్స్ బాడీ అల్యూమినియం, బోల్టు నేరుగా దాని మరలోకే పోతుంది. కింద నట్టు పట్టే చోటు లేదు. నైలాక్ ఎట్ట వేసేది?

లేత్‌పని_కావలి

అక్కడే లిక్విడ్ పనికొచ్చేది. నీలం రంగుది, లోక్‌టైట్ 243 లాంటిది తీసుకోండి. ఎరుపుది (271) వద్దు. అది విప్పాలంటే బాగా కాల్చాలి, కాలిస్తే పక్కనున్న ఆయిల్ సీల్ పోతుంది.

మరలోని గ్రీజు, ఉప్పు మొత్తం ఎసిటోన్‌తో కడగండి. పెట్రోలు వద్దు, అది జిడ్డు మిగులుస్తుంది. రంధ్రం అడుగు మూసుకుని ఉంటే చుక్కలు బోల్టుకు కాదు, రంధ్రంలోనే వెయ్యాలి. బోల్టుకు రాస్తే లోపలి గాలి మందును బయటకు నెట్టేస్తుంది. స్టీలు మీద అది గట్టిపడేది ఆలస్యం, కాబట్టి 24 గంటలు ఆ ఏరియేటర్ తిప్పొద్దు. యాంటీ సీజ్, లాకింగ్ లిక్విడ్ రెండూ ఒకే బోల్టుకు రాసేవాళ్ళుంటారు, దండగ. లిక్విడ్ గట్టిపడినాక మళ్ళీ "ఒక్క చుట్టు" బిగించినా దాని పట్టు విరిగిపోతుంది.

ఇంకో లాభం, మరలోకి ఉప్పునీరు పోదు. అల్యూమినియంలో స్టీలు బోల్టు ఉంటే ఉప్పునీళ్ళకు తినిపోయేది అల్యూమినియమే. విప్పినప్పుడు తెల్లటి పొడి రాలితే ఆ తినుడు మొదలైనట్టే. బోల్టు మర కనీసం దాని మందానికి ఒకటిన్నర రెట్లు లోపలికి పోవాలి: ఎం10కి 15 మిల్లీమీటర్లు. మర పోయుంటే హెలికాయిల్ (రంధ్రంలో కొత్త మరగా కూర్చునే తీగచుట్ట) వేయించుకోండి, పెద్ద బోల్టుకు మర కొట్టించేకంటే అదే నయం.

తెప్పచక్రం (కొత్తపట్నం)

కప్లింగ్ బోల్టు తెగేది బిగింపు తక్కువై కాదబ్బా, షాఫ్టు లైను తప్పి. షాఫ్టు చివర చేత్తో పైకెత్తి చూడండి, బుష్‌లో (షాఫ్టు తిరిగే గొట్టంలో) ఆట కనపడితే ముందు బుష్ మార్చాలి. రెండు తెప్పలు ఒకే మట్టాన తేలుతున్నాయా? ఒక తెప్పకు గవ్వ, నాచు పట్టి బరువెక్కినా, లోపల నీళ్ళు చేరినా ఫ్రేము మెలిపడుతుంది. ఆ మెలికంతా పడేది కప్లింగ్ మీదే. రెక్కలు లోతుగా మునిగి మోటారుకు లోడు కూడా పెరుగుతుంది. క్లాంప్ మీటరు పెట్టి నేమ్ ప్లేటు మీద రాసిన ఆంపియర్లు దాటుతున్నాయేమో చూడండి. విరిగిన రెక్క ఉంటే ఆ రోజే మార్చాలి.

తెగిన బోల్టు ముక్క చూడండి. మర ఉన్న చోటే తెగుంటే పొడవు తప్పు కొన్నారు. కప్లింగ్ రెండు ముక్కలు కలిసే చోట నున్నటి భాగమే ఉండాలి, మర దాని బయట మొదలవ్వాలి. నిలువునా మర ఉన్న బోల్టు అక్కడ నిలవదు. రంధ్రాలు కోలగా అరిగుంటే కొత్త కప్లింగే, వేరే మార్గం లేదు.

పానా_పదిహేడు

ఒకటి మరిచా. బిగించినాక బోల్టు తల మీద నుంచి బాడీ మీదకి పెయింట్ మార్కర్‌తో ఒక్క గీత గియ్యండి. గీత విరిగి కనపడితే అది కదిలినట్టు, పానా పెట్టి చూసే పనే లేదు.

పని మధ్యాహ్నం పదకొండు, మూడు మధ్య ఎండలో పెట్టుకోండి, అప్పుడు నీళ్ళలో ఆక్సిజన్ బాగుంటుంది. ఒకసారికి ఒక్క ఏరియేటరే ఆపండి. స్టార్టర్ ఆఫ్ చేస్తే సరిపోదు, ఫ్యూజులు పీకి జేబులో వేసుకునే నీళ్ళలోకి దిగండి. కట్ట మీద ఎవరో ఒకరు రొటీన్‌గా స్విచ్ వేసేస్తారు.