టూర్మాలే కనుమ ఎక్కుడుకు 36/28 గేరు సరిపోతదా?

ఓరుగల్లు_పెడల్:
ఈ వేసవిలో ఫ్రాన్స్ పోతున్న. పిరనీస్‌లో కోల్ దు టూర్మాలే (2,115 మీటర్లు) సెంత్ మారీ ద కాంపాన్ వైపు నుంచి ఎక్కాలె. సైకిల్‌కు షిమానో 105 ఆర్7000 గేర్ల సెట్టు, ముందు చక్రాలకు 52/36 పళ్లు, వెనక 11-28 పళ్లు, రిమ్ బ్రేకులు. సైకిల్‌తో కలిపి బరువు 87 కిలోలు. హన్మకొండ చుట్టూ ఘాట్ రోడ్డు లేదాయె. గేర్లు మార్చాల్నా? మారిస్తే ఏమేం కొనాలె?

స్పోక్_కరీంనగర్:
మార్చాల్సిందే అన్నా. అటువైపు 17 కిలోమీటర్లకు సగటు వాలు 7.4 శాతం అంటరు గానీ సగటును నమ్మకుండ్రి. మొదటి నాలుగైదు కిలోమీటర్లు అలకగనే ఉంటయి. గ్రిప్ అనే ఊరు దాటినంక 8 నుంచి 10 శాతం, పైదాకా వదలదు.

36/28లో (ముందు 36 పళ్లు, వెనక 28) నిమిషానికి 60 తొక్కులంటే వేగం గంటకు 9.7 కి.మీ. 9 శాతం వాలు మీద మీ బరువుకు అది దగ్గరదగ్గర 230 వాట్లు, అదీ గంటకు పైన. అంత రాకపోతే తొక్కులు 45, 50కి పడి మోకాళ్లు పట్టేస్తయి. అదే 34/34లో 7.6 కి.మీ., 180 వాట్లు చాలు.

కొనాల్సినవి: 50/34 చెయిన్‌రింగుల (ముందు పళ్ల చక్రాలు) జత (మీ క్రాంక్‌కే పడతయి), 11-34 క్యాసెట్ (వెనక పళ్ల చక్రాల గుత్తి), చెయిన్, జీఎస్ డిరైలర్ (గేరు మార్చే వెనక పరికరం, పొడుగుది). ఇప్పుడున్నది ఎస్ఎస్ (పొట్టిది) అయితే షిమానో లెక్క ప్రకారం 30 పళ్ల దాకే.

షిమానో 11-34ను 11 స్పీడ్ రోడ్డు హబ్‌కు (చక్రం నడిమి భాగం) ఎక్కిస్తే వెనకాల 1.85 మి.మీ. స్పేసర్ (పల్చటి రింగు) తప్పనిసరి. అది మర్చిపోతే లాక్‌రింగ్ బిగించినా క్యాసెట్ లొడలొడ ఆడుతది. పాత చెయిన్‌నే ఉంచితే పొట్టిగైతది, పెద్ద రింగు మీదుండగా 34కు వేసిన్రంటే హ్యాంగర్ (డిరైలర్‌ను ఫ్రేమ్‌కు పట్టే ముక్క) విరుగుడే. కొత్త చెయిన్‌ను డిరైలర్‌లోంచి పోనియ్యకుండా, ముందు పెద్ద రింగు మీది నుంచి వెనక పెద్ద చక్రం మీదికి చుట్టి, ఒక అంగుళం కలిపి కోయుండ్రి. ముందు డిరైలర్‌ను కూడా కిందికి దించాలె, పెద్ద రింగు పళ్లకూ దాని కేజ్‌కూ (చెయిన్‌ను నెట్టే రేకులు) మధ్య 1 నుంచి 3 మి.మీ. ఉండాలె.

చెయిన్‌లూబ్:
ఖర్చు ఎక్కువనుకుంటే డిరైలర్ జోలికి పోకుండా 50/34, 11-30 వేసుకోండి. 60 తొక్కులకు 8.6 కి.మీ. పడుతది. 200 వాట్లు గంటన్నర నిలబెట్టగలిగితే ఇది చాలు, లేకుంటే పైన చెప్పిందే కరెక్టు.

ఘాట్ లేదని బాధ పడకండి. ములుగు రోడ్డు మీద ఎదురుగాలికి పెద్ద గేరేసి, సీటు మీంచి లేవకుండా, 60 తొక్కులతో 15 నిమిషాల చొప్పున మూడుసార్లు చేయండి. మోకాలు నొస్తే ఆపేయాలె.

బ్రేక్‌ప్యాడ్:
ఎక్కుడు గురించే మాట్లాడుతున్నరు, దిగుడు సంగతేంది? అక్కడ సైకిల్ అద్దెకు తీసుకుంటే ముందు బ్రేకు ఎడమ చేతికి ఉంటది, మనకు కుడికి. కంగారుల వెనకదనుకొని ఎడమది గట్టిగ పట్టిన్రా, హ్యాండిల్ మీదికెళ్లి పడుడే. బయలుదేరక ముందే చూసుకోండి. బండ్లు కుడివైపు నడుస్తయి, హెయిర్‌పిన్ మలుపులల్ల అలవాటు కొద్దీ ఎడమకు పోవద్దు.

బ్రేకులు పట్టుకునే ఉంటే రిమ్ కాలి ట్యూబ్ పేలుతది. మలుపుకు ముందు గట్టిగ పట్టి వదిలేయాలె. కార్బన్ రిమ్ములకు ఇంకా ప్రమాదం, అల్యూమినియమే మేలు. ఎండాకాలంలో కూడా పైన చలి కొడుతది. చెమట మీద దిగితే వేళ్లు కొంకర్లు పోయి లీవర్ పట్టు దొరకదు. విండ్ జాకెట్, నిండు గ్లవ్స్ జేబులో పెట్టుకోండి. శిఖరానికి నాలుగైదు కిలోమీటర్ల ముందు లా మాంజీ అనే ఊరు వస్తది, నీళ్లు అక్కడ నింపుకోండి.