ఈ అక్టోబరు పొడి అంటున్నారు: చెనక్కాయ పీకాలా, ఆగాలా?

పాకాల చేను
అందరికీ నమస్తే. మాది పాకాల పక్కన. మూడున్నర ఎకరాల్లో కదిరి-6 రకం చెనక్కాయ (వేరుశెనగ), జులై మొదట్లో వేసింది. బోరు ఉంది కానీ పేరుకే, పంట మొత్తం వాన మీదే. ఇప్పటికి 90 రోజులు దాటింది. ఫోన్లో ఏది తెరిచినా ఒకటే మాట: ఈ నెల రాయలసీమలో వాన మామూలు కంటే తక్కువ, మధ్యలో అక్కడక్కడ ఉరుములతో జల్లులు. మా నాయన ఏమో హస్త కార్తె ఇంకా పోలేదు, తొందరపడొద్దు అంటాడు. నేల చూస్తే రాయి అవుతోంది. ఇంకో వారం ఆగితే కాయ మట్టిలోనే తెగి ఉండిపోతుందని నా భయం. ఇప్పుడే పీకితే సగం కాయలు గింజ పట్టలేదు. మీ ఊళ్లలో ఎట్లుంది? ఈ అంచనాను నమ్మి కూలీలను పిలవచ్చా?

చంద్రగిరి తాత
హస్తకు ఆరు పాళ్లు, చిత్తకు మూడు పాళ్లు అని పెద్దోళ్లు ఊరికే అనలేదు నాయనా. హస్త పోయినా చిత్త ఉంది, ఆ తర్వాత స్వాతి. మనది రెండు రుతుపవనాల జిల్లా. కడప అవతల వాళ్లకు నైరుతితోనే చాలావరకు కథ అయిపోతుంది. మనకు ఈశాన్యం ఇంకా మొదలే కాలేదు. అక్టోబరు 20 అటూ ఇటూగా గాలి తూర్పుకు తిరుగుతుంది. ఇప్పుడు గాలి ఎటునుంచి వస్తోందో చూశావా? మా ఊళ్లో రెండు రోజులుగా ఆకు కదలడం లేదు.

బైరాగిపట్టెడ అక్క
తిరుపతి టౌనులో చెమట తప్ప ఏమీ లేదు తమ్ముడూ. పొద్దున ఏడింటికే ఉక్క. సాయంత్రం కొండ మీద మబ్బు కడుతుంది, ఉరుముతుంది, మేం బట్టలు తీసి లోపల వేసుకుంటాం, చినుకు పడదు. ఆ వాన అంతా కొండ మీదే పడిపోతుందేమో. మాకు కపిలతీర్థమే వానలెక్క. అక్కడ నీళ్లు దూకితే కొండ మీద గట్టిగా పడినట్టు. నిన్న గుడికి పోతే బండ మీద తడి గీత మాత్రమే ఉంది.

పాకాల చేను
గాలి అసలే లేదు తాతా. పొద్దునపూట కొద్దిగా పడమటి గాలి, పదింటికల్లా అదీ ఆగిపోతుంది.

రాడార్ పిచ్చి
అన్నా, ఈ అంచనాను చాలామంది తప్పుగా చదువుతున్నారు, అందుకని కొంచెం పొడుగ్గా రాస్తున్నా. వాతావరణ శాఖ అక్టోబరు-డిసెంబరు అంచనా ఇచ్చేది కోస్తా, రాయలసీమ, తమిళనాడు, కేరళ, కర్ణాటక దక్షిణ లోపలి ప్రాంతం, ఈ అయిదింటికీ కలిపి. అదీ మామూలు కంటే తక్కువ, మామూలు, ఎక్కువ అని మూడు భాగాలు చేసి, ఏది అయ్యే అవకాశం ఎంతో చెబుతారు. తక్కువ అనే వైపు మొగ్గు ఉందంటే మీ చేలో వాన పడదని కాదు. మొత్తం తగ్గొచ్చు, పడేది రెండు మూడు విడతల్లోనే పడిపోవచ్చు. మన దగ్గర ఈశాన్యం వచ్చేదే అట్లా: పది రోజులు ఎండ, ఒక వాయుగుండం, రెండు రోజులు కుండపోత, మళ్లీ ఎండ.

ఇక ఇప్పుడు పడుతున్నవి రుతుపవనాల వానలు కావు. పడమటి గాలి తగ్గింది, తూర్పు గాలి ఇంకా రాలేదు. గాలిలో తేమ ఉంది, మధ్యాహ్నం ఎండకు నేల కాగుతోంది, సాయంత్రానికి మబ్బు నిలువుగా లేస్తోంది. ఆ మబ్బు కొన్ని కిలోమీటర్ల వెడల్పే ఉంటుంది. కింద ఎవరి చేను ఉంటే వాళ్లకు వాన. పూతలపట్టులో తడిసి, పాకాలలో దుమ్ము లేచేది ఇందుకే.

కుప్పం కుర్రోడు
లానినా (పసిఫిక్ సముద్రం నీళ్లు మామూలు కంటే చల్లబడడం) వస్తే మనకు ఈశాన్యం వానలు తగ్గుతాయి, 2016లో చూశాం కదా. చెరువులు బోసిపోయాయి.

రేణిగుంట రోడ్డు
2021లో కూడా లానినానే బాబూ. ఆ నవంబరు 18న తిరుపతి రోడ్ల మీద కార్లు కొట్టుకుపోయాయి. రాయలచెరువు కట్ట లీకైందని కింది ఊళ్లు ఖాళీ చేయించారు. డిసెంబరు 1న ఘాట్ రోడ్డు మీద బండలు పడ్డాయి. ఆ రెండు వారాలు మా వీధిలో నిద్రపోయినవాళ్లు లేరు. పసిఫిక్ సముద్రాన్ని చూసి మా కాలువ చెప్పలేం.

కుప్పం కుర్రోడు
ఒప్పుకున్నాను సామీ 🙏

దామలచెరువు తోట
నా బాధ వేరు. మీరందరూ వాన కావాలంటున్నారు, నేను వద్దని మొక్కుతున్నా. ఎనిమిదెకరాల తోతాపురి మామిడి ఉంది. ఇప్పుడొక వాన పడితే సరే, నవంబరులో పడితేనే చెట్టు మళ్లీ చిగురేస్తుంది. చిగురేసిన కొమ్మకు పూత రాదు, వచ్చినా ఆలస్యం. రెండు నెలలు చెట్టు ఎండి, రాత్రి చలి తగిలితేనే డిసెంబరు, జనవరిలో పూత బాగా వస్తుంది. కాబట్టి పొడి అనే మాట నా చెవికి సన్నాయిలాగుంది. చెనక్కాయ వాళ్లు తిట్టుకోవద్దు. మా బామ్మర్దికి పక్కనే చెనక్కాయ, ఇంట్లో రోజూ ఇదే పంచాయితీ.

మదనపల్లె టమాటా
మాకు పొడి సమస్య కాదు, ఈ మారడమే సమస్య. పగలు మండే ఎండ, రాత్రి మంచు, నాలుగు రోజులకోసారి అరగంట జల్లు. ఆకుమచ్చకు ఇంతకంటే పండగ ఏముంటుంది? నీళ్లు తక్కువై ఎండిన మొక్కకు ఒక్కసారిగా వాన తగిలితే కాయ పగులుతుంది. పోయిన వారం పాతిక బాక్సులు పగుళ్లకే పోయాయి. పగిలిన కాయకు మార్కెట్లో రేటు అడగడమే దండగ. డ్రిప్ ఉన్నవాళ్లు ఎండ రోజుల్లో కొంచెం కొంచెంగా నీళ్లు ఆపకుండా ఇవ్వండి, పూర్తిగా ఎండబెట్టి ఒకేసారి తడపొద్దు. ఇది నాకు రెండేళ్ల నష్టం నేర్పింది.

చంద్రగిరి తాత
పాకాల అబ్బాయి అడిగింది పక్కకు పోయింది. నాయనా, నాలుగు మూలల్లో నాలుగు చెట్లు పీకి కాయలు వొలిచి చూడు. బొప్పి లోపల నల్లబడితే కాయ ముదిరినట్టు, తెల్లగా ఉంటే లేతది. నూటికి 75 నల్లబడితే పీకేయ్, పంచాంగం చూడొద్దు. కదిరి-6కు 105, 110 రోజులు ఇవ్వాలి. అయితే ఒకటి గుర్తుపెట్టుకో. ఈ రకానికి నిద్ర లేదు. ముదిరిన కాయకు చేలోనే తడి తగిలితే మొలకేస్తుంది. 2015లో నేను అట్లే ఆగి ఆగి, నవంబరు వానల్లో ఒకటిన్నర ఎకరా మొలకల పాలు చేసుకున్నాను. పీకుదామని దిగితే మోకాలిలోతు బురద.

పాకాల చేను
ఇప్పుడే వొలిచి చూశా. దిగువ మడిలో పదికి ఏడు నల్లగా ఉన్నాయి. మెరకలో పదికి నాలుగే. మెరకలో ఆకు కూడా మాడిపోయింది, తిక్కాకు తెగులు.

ఎస్వీ అగ్రి పాత విద్యార్థి
అయితే రెండూ ఒకేసారి పీకాలని ఎవరన్నారు? దిగువ మడి నాలుగైదు రోజుల్లో పీకండి. నేల గట్టిగా ఉంటే పేరుకున్న బోరుతోనైనా స్ప్రింక్లర్ ఒక రాత్రి తిప్పండి, మడమ మునిగేంత అవసరం లేదు, పిడికిట్లో మట్టి ముద్దవ్వాలి, అంతే. మర్నాడు పొద్దున్నే పీకించండి. పీకిన చెట్టు తిరగేసి కాయలు పైకి ఉండేలా వేయండి. రెండు మూడు రోజుల ఎండ చాలు. సాయంత్రం మబ్బు లేస్తే కుప్ప చేసి పట్ట కప్పడానికి మనిషి చేలోనే ఉండాలి. కట్టె తడిసి నల్లబడితే పశువులు ముట్టవు, తడి కాయ మూట కడితే బూజు.

వచ్చే ఏడాదికి ధరణి కూడా ఆలోచించండి. మన తిరుపతి పరిశోధన స్థానం రకమే, బెట్టను తట్టుకుంటుంది. మంగళ, శుక్రవారాల్లో వచ్చే వ్యవసాయ వాతావరణ బులెటిన్ చదవండి. మూడు నెలల అంచనా కంటే ఆ అయిదు రోజులది మీకు పనికొస్తుంది.

కుప్పం కుర్రోడు
ఒక డౌటు. గాదంకిలో అంత పెద్ద రాడార్ ఉంది కదా, మీ పాకాలకు కూతవేటు దూరం. మన మండలానికి వాన ఎప్పుడో అది చెప్పలేదా?

రాడార్ పిచ్చి
అందరూ అడిగే ప్రశ్నే 😀 అది మబ్బును తరిమే రాడార్ కాదు. పైన పదుల కిలోమీటర్ల ఎత్తు దాకా గాలులు ఎట్లా కదులుతున్నాయో చదవడానికి పెట్టింది, నిలువుగా పైకి చూస్తుంది. మనకు కావాల్సింది చెన్నై, శ్రీహరికోట డాప్లర్ రాడార్లు. వాతావరణ శాఖ సైట్లో బొమ్మ కొన్ని నిమిషాలకోసారి మారుతుంది. నేను మధ్యాహ్నం మూడు నుంచి చూస్తా. ఎర్ర మచ్చ మీ వైపు జరుగుతోందంటే ముప్పావుగంట, గంట టైమ్ దొరుకుతుంది. పట్ట కప్పడానికి అది చాలు.

మదనపల్లె టమాటా
ఫోన్లో దామిని యాప్ కూడా వేసుకోండి. చుట్టుపక్కల పిడుగు పడే సూచన ఉంటే చెబుతుంది. ఈ నెల వానలో నీళ్ల కంటే పిడుగులెక్కువ. కూలీలను చింతచెట్టు కింద నిలబెట్టొద్దు.

బైరాగిపట్టెడ అక్క
నిజం. మా చెల్లెలి ఊళ్లో పోయిన ఏడు రెండు ఆవులు పోయాయి, చెట్టుకు కట్టేసి ఉన్నవి.

పాకాల చేను
ఆరు రోజుల తర్వాత రాస్తున్నా. దిగువ మడి ఎకరంన్నర పీకేశాం. బోరు నాలుగు గంటలు పోసి ఊపిరి విడిచింది కానీ నేల లొంగింది. కూలీలు పదకొండు మంది. రెండో రోజు సాయంత్రం రాడార్‌లో ఎర్రగా కనబడితే పరుగెత్తి కుప్ప వేసి కప్పాం. ఆ వాన ఐరాల వైపు పోయింది, మాకు గాలి, దుమ్ము, పది చినుకులు. మా నాయన నవ్వాడు. కప్పినందుకు నాకేం బాధ లేదు.

మెరకను ఇంకో పది రోజులు వదిలేస్తున్నా. దిగువ మడి ఖాళీగా ఉంది కదా, చిత్తలో ఉలవ చల్లేస్తే? తడి అంతంతే ఉంది.

చంద్రగిరి తాత
ఉలవకు మంచు చాలు నాయనా. ఒక్క జల్లు పడిన మర్నాడు చల్లు, గింజ రాకపోయినా పశువుల మేతకైనా వస్తుంది. ఎకరాకు 10 కిలోలు చాలు.

దామలచెరువు తోట
విత్తనాలకు తిరగొద్దు. మా బామ్మర్ది దగ్గర 20 కిలోల ఉలవలు మూటలో ఉన్నాయి, పురుగు పట్టలేదు. ఆదివారం సంత పక్కకు రా, ఇస్తా. వానకు మాత్రం నన్ను మొక్కమనొద్దు.