ఎయిడ్స్ మందు ఆలస్యం: తప్పు పేటెంట్లదా, పాలకులదా?

సందేహాలరాయుడు:
మూడు మందులు కలిపి వాడితే హెచ్ఐవీ ఉన్నవాళ్లు బతుకుతారని 1996లోనే తేలిపోయింది. అమెరికాలో, ఐరోపాలో మంచాన పడ్డవాళ్లు లేచి మళ్లీ ఉద్యోగాలకు వెళ్లారు. ప్రపంచం మొత్తం మీద చూస్తే మాత్రం చావులు 2004 దాకా పెరుగుతూనే పోయాయి. ఆ ఒక్క ఏడే దాదాపు 20 లక్షల మంది పోయారు, అందులో ఎక్కువమంది ఆఫ్రికావాళ్లే. ఏడాది మందుల ఖర్చు 10 వేల డాలర్ల పైమాట కాబట్టి తప్పు, మందు అమ్ముకునే హక్కును ఒక్క కంపెనీకే కట్టబెట్టే పేటెంట్లదేనని నా వాదన. కాదనేవాళ్లు చెప్పండి.

నీలిసిరా:
నేను కాదంటాను. ధరే అడ్డమైతే, ఊరికే ఇస్తానన్నప్పుడు ఎవరైనా ఎగబడి తీసుకోవాలి కదా? నెవిరపిన్ సంగతి చూడండి. నొప్పులు మొదలయ్యాక తల్లికి ఒక మాత్ర, పుట్టిన బిడ్డకు కాస్త సిరప్. అంతే, తల్లి నుంచి బిడ్డకు వైరస్ సోకే ప్రమాదం దాదాపు సగానికి పడిపోతుంది. తయారుచేసే బోరింగర్ ఇంగెల్‌హైమ్ కంపెనీ 2000లో పేద దేశాలకు ఐదేళ్లు ఉచితంగా ఇస్తామంది. దక్షిణాఫ్రికా ప్రభుత్వం ఏం చేసింది? ప్రావిన్సుకు రెండేసి ప్రయోగ కేంద్రాలు పెట్టి, మిగతా ప్రభుత్వాసుపత్రుల డాక్టర్ల చేతులు కట్టేసింది. హెచ్ఐవీ ఉన్నవాళ్ల తరఫున పోరాడే ట్రీట్‌మెంట్ యాక్షన్ క్యాంపెయిన్ వాళ్లు కోర్టుకెక్కారు. 2002 జులైలో రాజ్యాంగ న్యాయస్థానం మొట్టికాయ వేసింది. అధ్యక్షుడు ఎంబెకీకి అసలు హెచ్ఐవీ వల్లే ఎయిడ్స్ వస్తుందా అని అనుమానం. ఆరోగ్యమంత్రి గారేమో వెల్లుల్లి, బీట్‌రూట్ తినమన్నారు. ఈ మొండితనం ఖరీదు 3,30,000కు పైగా ప్రాణాలని హార్వర్డ్ పరిశోధకులు 2008లో లెక్కగట్టారు. పక్కనే ఉన్న బోట్స్వానా 2002లోనే ప్రభుత్వాసుపత్రుల్లో మందులు ఇవ్వడం మొదలుపెట్టింది. అక్కడ లేవా పేటెంట్లు?

రావినీడ:
నీలిసిరా గారూ, ఎంబెకీని ఎవరూ వెనకేసుకురావడం లేదు. కానీ కథను మీరు మధ్యలోంచి మొదలుపెట్టారు. మండేలా అధ్యక్షుడిగా ఉండగా, 1997లో దక్షిణాఫ్రికా చౌక మందులు దిగుమతి చేసుకునే వీలున్న చట్టం చేసింది. మర్నాడే అన్నట్టు కంపెనీలు కోర్టుకెళ్లాయి. మొత్తం 39 కంపెనీలు! లోకమంతా ఛీ కొట్టాక 2001 ఏప్రిల్‌లో కేసు వదులుకున్నాయి. ఈలోపు పోయినవాళ్లు ఎవరి ఖాతాలోకి వస్తారు? బోట్స్వానాకైతే వజ్రాల ఆదాయం ఉంది, అప్పటికి జనాభా 20 లక్షలు కూడా లేదు, పైగా మెర్క్ కంపెనీ, గేట్స్ ఫౌండేషన్ అండగా నిలిచాయి. ఆ వెసులుబాటు మలావీలాంటి పేద ఆఫ్రికా దేశానికి ఎక్కడిది?

మాత్రలడబ్బా:
ఇద్దరూ కోర్టుల దగ్గరే ఆగిపోయారు, మాత్రల వైపు రండి. 1996 నాటి మూడు మందుల్లో ఒకటైన ఇండినవిర్‌ను ప్రతి ఎనిమిది గంటలకూ ఖాళీ కడుపుతో వేసుకోవాలి, మూత్రపిండాల్లో రాళ్లు రాకుండా రోజంతా నీళ్లు తాగుతూనే ఉండాలి. దానికి తోడు మిగతా రెండు మందులూ వేర్వేరు వేళలకు. 2001లో మన దేశపు సిప్లా కంపెనీ మూడు మందుల్ని ఒకే మాత్రలో పెట్టింది: స్టావుడిన్, లామివుడిన్, నెవిరపిన్. పొద్దున ఒకటి, రాత్రి ఒకటి. ఏడాదికి 350 డాలర్లకు సరిహద్దులు లేని వైద్యుల సంస్థకు ఇస్తామని సిప్లా అధిపతి యూసుఫ్ హమీద్ ప్రకటించారు. ఈ మూడూ అమ్మేది మూడు వేర్వేరు బహుళజాతి కంపెనీలు. ఎవరి పేటెంటు వాళ్ల దగ్గర ఉండగా మూడింటినీ ఒక్క బిళ్లలో కలపడం ఎవరికీ కుదిరే పని కాదు. భారత్‌లో 1970 నాటి చట్టం మందుకు కాకుండా తయారీ పద్ధతికే పేటెంటు ఇచ్చేది కాబట్టి కుదిరింది. 2005లో ఆ చట్టం మారింది.

అలాగని ఆ మాత్ర అమృతమేమీ కాదు. స్టావుడిన్ ఏళ్ల తరబడి వాడితే బుగ్గలు లోపలికి పీక్కుపోయేవి. ముఖం చూసే జబ్బేమిటో పోల్చేసేవాళ్లు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2009లో దాన్ని క్రమంగా మానేయమంది.

నీలిసిరా:
బాగుంది. మరి కాపీ కొట్టడానికైనా ముందు ఒకడు కనిపెట్టాలిగా? లాభం లేకపోతే ఆ పని ఎవడు చేస్తాడు?

రావినీడ:
మొదటి ఎయిడ్స్ మందు ఏజెడ్‌టీనే తీసుకోండి. దాన్ని 1964లో జెరోమ్ హార్విట్జ్ అమెరికా ప్రభుత్వ నిధులతో క్యాన్సర్ కోసం తయారుచేశారు, క్యాన్సర్‌కు పనిచేయక మూలన పడింది. స్టావుడిన్ పేటెంటు యేల్ విశ్వవిద్యాలయానిది. విద్యార్థులు, దాని మీద పనిచేసిన శాస్త్రవేత్తా గొంతెత్తాకే 2001 మార్చిలో దక్షిణాఫ్రికాలో ఆ పేటెంటును అడ్డం పెట్టబోమని, ఆ మందు అమ్మే బ్రిస్టల్ మయర్స్ కంపెనీ ప్రకటించింది. అన్ని మందులూ ఇంతేనని నేననను. కంపెనీలు సొంత డబ్బు పోసినవీ ఉన్నాయి.

మధ్యాహ్నం:
పాత పంచాయితీ అనుకుంటున్నారేమో, ఇప్పుడూ నడుస్తోంది. హెచ్ఐవీ సోకకుండా ఆరు నెలలకో ఇంజెక్షన్, లెనకపవిర్. 2024లో దక్షిణాఫ్రికా, ఉగాండాల్లో అది తీసుకున్న 2,134 మంది యువతుల్లో ఒక్కరికి కూడా హెచ్ఐవీ సోకలేదు. అమెరికాలో దాని ధర ఏడాదికి 28 వేల డాలర్లు దాటింది. దాన్ని తయారుచేసే గిలియడ్ కంపెనీ 120 దేశాల కోసం చౌక రకం తయారుచేసేందుకు వేరే కంపెనీలకు లైసెన్సు ఇచ్చింది, 2027 నుంచి ఏడాదికి 40 డాలర్లకే ఇస్తామని డాక్టర్ రెడ్డీస్, హెటెరో ముందుకొచ్చాయి. కానీ బ్రెజిల్, అర్జెంటీనా, మెక్సికో, పెరూ ఆ జాబితాలో లేవు. ఇదే మందు మీద జరిగిన రెండో పెద్ద పరీక్షకు ఆ నాలుగు దేశాల జనమూ ముందుకొచ్చారు. పరీక్షకు పనికొచ్చినవాళ్లు చౌక ధరకు పనికిరాలేదన్నమాట.

సందేహాలరాయుడు:
ఇది నాకు తెలియదు. ఆ దేశాలు మధ్యాదాయ దేశాలని వదిలేశారా?

మధ్యాహ్నం:
ఆ లెక్కే. దేశం సగటు ఆదాయం చూస్తారు, సూది అవసరమైన మనిషి జేబు చూడరు.

నీలిసిరా:
బ్రెజిల్ విషయంలో మీతోనే ఉన్నాను. అయినా నా మాట నాదే. 2025 జనవరిలో అమెరికా విదేశీ సాయం ఆపగానే ఆఫ్రికాలో క్లినిక్కులకు తాళాలు పడ్డాయి, పరీక్షలు చేసే సిబ్బందిని ఇంటికి పంపేశారు. పెప్‌ఫార్ అనే అమెరికా ఎయిడ్స్ సాయ పథకం డబ్బుతో నడిచినవే అవన్నీ. 40 డాలర్ల సూదిని వేసే నర్సుకు జీతం ఎవరిస్తారో చెప్పండి, అప్పుడు పేటెంట్ల గురించి ఇంకో నాలుగు రోజులు కొట్లాడుకుందాం.

రావినీడ:
జీతం ఆ దేశాల ఖజానాలే ఇవ్వాలి. సూది 28 వేలైతే ఏ ఖజానా కూడా ఇవ్వలేదు, 40 అయితే కనీసం అడగొచ్చు.